ఎడమ వెనక రెండు వేళ్ళు

కారు అడుగు రోడ్డు నడిమి దిబ్బకి తగిలిన ప్రతిసారీ వెనక సీట్లోంచి "స్" అని ఓ చిన్న చప్పుడు వచ్చేది. పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చుకోవడం, అంతే. నేను అద్దంలో చూసేలోపు మా ఆవిడ మొహం మామూలుగా పెట్టేసుకునేది. ఆ రోజుల్లో ఆ చప్పుడు మీద ఉన్నంత కోపం నాకు ఇంక దేని మీదా లేదు.

మా ఆవిడ కొల్లేట్లో ఒక లంక ఊళ్ళో టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకీ ఆవిడ ఒక్కతే. మేముండేది ఏలూరు. నాకు ఆకివీడులో చేపల మేతల కొట్టు. పొద్దున్నే ఇద్దరం కార్లో బయల్దేరి, దారిలో మెయిన్ రోడ్డు దిగి, చెరువు గట్ల మీదుగా నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్ళి ఆవిణ్ణి బడి దగ్గర దింపి, మళ్ళీ రోడ్డెక్కి నేను కొట్టుకి పోయేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అదే దారి. మిగతా దారంతా ఒక ఎత్తు, ఆ నాలుగు కిలోమీటర్లూ ఒక ఎత్తు.

గవర్నమెంటు కొల్లేట్లో చేపల చెరువులు కొట్టేయించిన ఏడాది పొక్లెయిన్లు ఆ గట్ల మీదే తిరిగాయి. ఆ తర్వాత మిగిలిన చెరువుల కోసం మేతల లారీలు, చేపల లారీలు తిరిగాయి. చక్రాలు నడిచిన చోట జానెడు లోతున గాడులు పడి, వాటి మధ్య దిబ్బ మిగిలింది. లారీలకి ఆ దిబ్బతో పని లేదు. మాది చిన్న కారు, దాని కడుపు సరిగ్గా దిబ్బ మీద పాకేది. ఆ గాడులు వేసిన లారీల్లో మా కొట్టు నుంచి మేత మోసినవి కూడా ఉన్నాయి. ఆ మాట మా ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడం వల్ల నాకు ఇంకా మండేది.

ఆ ఏడు వేసవి సెలవుల్లో ఆవిడకి నడుంలో డిస్కు జారింది. డాక్టరు గారు బెల్టు రాశారు. "ఆటోలు, బైకులు ఎక్కకండమ్మా. కుదుపు తగలకూడదు. ఇంకొంచెం జారితే ఆపరేషన్ తప్పదు" అన్నారు. ముందు సీట్లో నిటారుగా కూర్చుంటే నొప్పి కాబట్టి వెనక సీట్లో ఎడమ తలుపుకి దిండు పెట్టుకుని, దానికి ఆనుకుని, కాళ్ళు సీటు మీద చాపుకోమని కూడా ఆయనే చెప్పారు. సెలవు పెట్టెయ్యమని నేనన్నాను. ఆవిడ వినలేదు.

"నేను సెలవు పెడితే నా బదులు ఎవర్నీ వెయ్యరండీ. బడి మూతపడుద్ది. మూడు నెలలు మూసిన బడికి పిల్లలు మళ్ళీ రారు, చెరువుల మీద పనికి పోతారు" అంది. ఐదో తరగతిలో పదకొండుమంది ఉన్నారనీ, వాళ్ళని ఏప్రిల్ దాకా చదివించి పై బడిలో చేర్పిస్తే చాలనీ, ఆ తర్వాత ఆపరేషన్ అంటే ఆపరేషనేననీ అంది. బేరం కుదిరిపోయినట్టు పుస్తకాలు సర్దుకోవడం మొదలెట్టింది.

అంటే ఏప్రిల్ దాకా కారు కడుపు నేలకి తగలకుండా చూసుకోవాలి. నా వంతు పని అంతే. ఎంత సులువుగా అనిపించిందో అప్పుడు!

విజయవాడలో కారు సామాన్లమ్మే షాపులో ఎత్తు మార్చుకునే సస్పెన్షన్ దొరికింది. చూడ్డానికి మామూలు షాకబ్జార్బరే గానీ, దాని ఒంటి నిండా మరలు ఉంటాయి. ఆ మరల మీద ఒక రింగు, రింగు మీద స్ప్రింగు. కొక్కెం మొహం ఉన్న స్పానర్ పెట్టి రింగుని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. "కుర్రాళ్ళు కారు కిందికి దింపుకోడానికి పట్టుకెళ్తారండీ. పైకి లేపుకోడానికి అడిగినవాళ్ళు మీరొక్కరేనండీ" అని షాపాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బిగించే మనిషి తాడేపల్లిగూడెంలో ఉన్నారు. కార్ల కింద పనికి ఆయన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని అందరూ అనేవారు. అరవై దాటిన సాయిబు గారు, ఊరందరికీ మేస్త్రి గారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షెడ్డు మూసేసి, దానికి బదులు ఆదివారం తెరిచేవారు. నాకూ ఆదివారమే ఖాళీ.

శనివారం సాయంత్రమే కార్లో ఉన్నవన్నీ తీసి వరండాలో పెట్టి, మ్యాట్లు దులిపి, లోపలా బయటా కడిగి తుడిచాను. మాసిన బండిని మెకానిక్‌కి చూపించడం మా ఇంటా వంటా లేదు. మా నాన్నగారు స్కూటర్‌ని రిపేరుకి తీసుకెళ్ళే ముందు కూడా డిక్కీలో గుడ్డముక్క లేకుండా ఖాళీ చేసేవారు. డాక్టరు దగ్గరికి స్నానం చేసి వెళ్ళమా, ఇదీ అంతే అనేవారు. కడిగిన కారుని చూసి మేస్త్రి గారు కూడా ముచ్చటపడ్డారు. "ఆయ్, కొత్త పెళ్ళికొడుకులా ఉందండి" అన్నారు.

బిగించడానికి మధ్యాహ్నం దాటింది. నేను టేపు తీసుకెళ్ళాను. ఆయన టేపు ముట్టుకోరు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు పెట్టి చూస్తారు.

"నాలుగు వేళ్ళు పెడదామండి" అన్నారు.

"ఎవరి వేళ్ళండీ?" అన్నాను.

ఆయన తన చెయ్యి నా ముందు చాపి చూపించారు. ఒక్కో వేలూ నా వేలికి ఒకటిన్నర ఉంది. సరేనన్నాను. జాకీలు దించాక టేపు పెట్టి చూస్తే నేననుకున్న ఎత్తుకి సరిగ్గా ఉంది. "ఊళ్ళోకి ఓ చుట్టు తిప్పుకొస్తానండి. బండి నాలుగు అడుగులు కదిల్తే గాని స్ప్రింగులు సర్దుకోవండి" అన్నారాయన. "అక్కర్లేదండీ, టేపుతో చూశాగా" అని తాళాలు తీసుకున్నాను. తొందరెక్కువ నాకు.

సోమవారం గట్టు మీద మొదటి మలుపులోనే దిబ్బ తగిలింది. "స్."

కొట్టు నుంచి ఫోన్ చేశాను. "దిగుద్దండి, చెప్పాను కదండి. పర్లేదండి, ఆదివారం తీసుకురండి, చూద్దామండి" అన్నారు.

రెండో ఆదివారం మళ్ళీ కడుక్కుని వెళ్ళాను. ఈసారి రింగు ఎంత పైకి పోతే అంత పైకి తిప్పెయ్యమన్నాను. ఆయన స్పానర్ పట్టుకుని కాసేపు ఆలోచించారు. "మరీ లేపేస్తే చక్రానికి కిందికి దిగే చోటుండదండి. గోతిలోకి దిగినప్పుడు షాకు చివరికంటా సాగి ధన్‌మని తన్నుద్దండి" అన్నారు. "మాకు కడుపు తగలకూడదు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఆయనకి ఎదురు చెప్పడం రాదు. "అలాగేనండి" అన్నారు, తిప్పేశారు. కారు తొండలా తలెత్తుకుని నిలబడింది. ఇంటికొచ్చేటప్పుడు స్టీరింగు ఎడమకి లాగుతోంది. ఎత్తు మారితే చక్రాల వరస కూడా మారుతుందట, అది ఇంకోచోట చేయించాలట.

సోమవారం కడుపు తగల్లేదు. దిబ్బ మీంచి దర్జాగా పోయింది. కానీ చక్రం గాడిలోకి జారినప్పుడల్లా మేస్త్రి గారు చెప్పిన ఆ ధన్ వచ్చింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి వెనకనుంచి "స్" రాలేదు. "అమ్మా" అని వచ్చింది.

"ఆపండి, నేను నడుస్తాను" అంది.

బతిమాలాను, కోప్పడ్డాను. దిగింది. నడుముకి బెల్టు, భుజాన సంచీ, గట్టు మీద చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ నడిచింది. వెనకాలే నేను ఖాళీ సీటుతో, ఫస్టు గేరులో. ఎదురొచ్చిన సైకిలాయన దిగి, నా కిటికీ దగ్గరికొచ్చి, "డ్రైవరు గారూ, మేడం గారు నడుస్తున్నారేంటండీ? పెట్రోలు అయిపోయిందాండీ?" అన్నాడు. ఆవిడ రోజూ వెనక కూర్చుని వస్తుంది కాబట్టి ఆ ఊరివాళ్ళు నన్ను డ్రైవరనే అనుకునేవారు. మామూలు రోజుల్లో దానికి నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం అతనికేసి చూడకుండా అద్దం ఎత్తేసుకున్నాను. ముందు ఆవిడ నడుస్తుంటే చీర అంచుకి బురద అంటుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడో ఆదివారం రింగులు సగానికి దింపించాను. ఈసారి మేస్త్రి గారు తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తెచ్చి, నాలుగు చక్రాల దగ్గరా షెడ్డు నేల మట్టంగా ఉందో లేదో చూసి, వాలుగా ఉన్నచోట రేకు ముక్కలు పెట్టి, కారుని ముందుకీ వెనక్కీ మూడుసార్లు తోయించి, అప్పుడు వేళ్ళు పెట్టారు. నాలుగు వేళ్ళు. నాలుగు మూలలా అంతే. నేను టేపు పెట్టాను. ఇంత పద్ధతిగా చేసిన పనిని వేలెత్తి చూపించడానికి లేదు. సోమవారం సైలెన్సరు గొట్టం దిబ్బని గీసుకుంటూ పోయింది. "స్."

నాలుగో ఆదివారం ఒక చుట్టు పైకి. సోమవారం, "స్." ఇంట్లో నాకు అన్నం సయించేది కాదు. కొట్టులో రైతులు మేత గురించి అడిగితే విసుక్కునేవాణ్ణి. మా ఆవిడ రాత్రిళ్ళు పక్క మీద తిరగడానికి నా చెయ్యి పట్టుకోవడం మొదలెట్టింది. జనవరి కూడా రాలేదింకా.

ఐదో ఆదివారం తాడేపల్లిగూడెం వెళ్ళేసరికి నేను పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను. మేస్త్రి గారు ఎప్పటిలాగే ఎదురొచ్చి, "రండి బాబు గారూ, టీ తాగుతారాండీ?" అన్నారు. తిరిగి తిట్టే మనిషైతే నా కోపం ఏదో ఒక గట్టుకి చేరేది. ఆ "అండీ"లన్నీ మెత్తటి పరుపులో గుద్దినట్టు ఉండేవి.

"ఐదు వారాలైందండీ. చేతకాకపోతే చెప్పెయ్యండి. మా ఆవిడ నడుం విరిగాక చెప్పడం కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది.

ఆయన మొహం చిన్నబోయింది. చేతులు గుడ్డతో తుడుచుకున్నారు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నారు. నిగనిగలాడుతున్న మా కారు చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి డిక్కీ తెరిచి చూశారు. అందులో ఏమీ లేదు. మూసేశారు.

"ఈ రోజు స్పానర్ పెట్టనండి. రేపు పొద్దున్న రైలుకి నేనే ఏలూరు వస్తానండి. మీరు రోజూ ఎలా బయల్దేరతారో అలా బయల్దేరండి. ఏమీ కడక్కండి, ఏమీ తియ్యకండి" అన్నారు.

అన్నట్టే వచ్చారు. ఒక సంచీలో స్పానరూ జాకీ, భుజానికి చుట్టగా నీళ్ళ గొట్టం. మా గేటు పక్కన నిలబడి, కారు చూస్తారా అని నేనడిగితే "మీ పని మీరు చేసుకోండి" అన్నారు.

చేసుకున్నాను. లంకలో బడి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పిల్లలు అవే తాగేవాళ్ళు. అందుకని మా ఆవిడ రోజూ మా ఇంటి కుళాయి నీళ్ళు పట్టుకెళ్తుంది. ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు. ఒక్కొక్కటీ మోసుకొచ్చి డిక్కీలో పెట్టాను. కోడిగుడ్ల అట్టలు పెట్టాను. పుస్తకాల పెట్టె పెట్టాను. అప్పుడు మా ఆవిడ వచ్చింది. ఎడమ తలుపుకి దిండు ఆనించుకుని, మెల్లగా కూర్చుని, కాళ్ళు చాపుకుంది. నేను డిక్కీ మూయబోతూ, ఆ చెయ్యి అలాగే పైన పెట్టుకుని ఆగిపోయాను.

మేస్త్రి గారు ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. మడ్‌గార్డు కింద ఆయన వేళ్ళు రెండే పట్టాయి.

"ఇవన్నీ ఆదివారం ఎక్కడుంటాయండి?" అన్నారు.

"వరండాలో" అన్నాను.

ఆయన నవ్వలేదు. కారులోంచి మా ఆవిడ నవ్వింది. నడుం పట్టుకుని మరీ నవ్వింది. "కడిగి, ముస్తాబు చేసి పట్టుకెళ్ళారాండీ?" అంది. రోజూ నా చేతులతో మోసిన డబ్బాలు. వాటి బరువుకి భుజం నొప్పి అని ఆవిడ దగ్గర సణిగింది కూడా నేనే. ఐదు వారాలు షాపాయన్ని, మేస్త్రి గారిని, లారీలని, గవర్నమెంటుని తిట్టాను.

మేస్త్రి గారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, మీరు కూర్చుంటే గాని లెక్క తెలీదండి. దిగమన్నప్పుడు దిగి, ఎక్కమన్నప్పుడు ఎక్కాలండి. ఓర్చుకోగలరాండి?" అని అడిగారు. ఐదు వారాల్లో ఆవిణ్ణి ఆ కారు గురించి ఒక మాట అడిగింది ఆయనొక్కరే. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మా వీధిలోనే, పాల ప్యాకెట్లవాళ్ళు, స్కూలు రిక్షాలు పోతూండగా పని జరిగింది. ఆవిడ దిగడం, ఆయన జాకీ ఎత్తి రింగు తిప్పడం, దించి నా చేత ముందుకీ వెనక్కీ తోయించడం, ఆవిడ ఎక్కడం, ఆయన వేళ్ళు పెట్టడం. చాల్లెండి అని నేనన్నప్పుడల్లా ఆవిడ, "మీరుండండీ" అంది. నాలుగోసారికి నాలుగు మూలలా సరిపోయింది. ఎడమ వెనక రింగు మిగతావాటి కంటే బాగా పైకి వెళ్ళింది.

"ఖాళీగా ఉన్నప్పుడు బండి వంకరగా నిలబడుద్దండి, ఆ మూల రెండు వేళ్ళు పైకి" అన్నారు మేస్త్రి గారు. "అప్పుడు చూడకండి."

మాతో పాటు వచ్చి గట్టు మీద చూడమన్నాను. "నేనెక్కితే లెక్క మారిపోద్దండి" అని మా వరండాలో టీ తాగుతూ కూర్చున్నారు.

ఆ రోజు గట్టు మీద మొదటి మలుపు వచ్చింది, పోయింది. దిబ్బ మీది గడ్డి కారు అడుగున రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. గాడిలోకి చక్రం మెత్తగా దిగి, మెత్తగా లేచింది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. భయమేసి అద్దంలో చూశాను. ఆవిడ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని హాజరు పట్టీ రాసుకుంటోంది. కదులుతున్న కారులో, ఆ రోడ్డు మీద.

సాయంత్రం ఫోన్ చేసి, ఆదివారం అన్న మాటకి క్షమించమన్నాను. "ఆయ్, ఏమన్నారండీ? నాకు గుర్తు లేదండి" అన్నారు మేస్త్రి గారు.

ఏప్రిల్ దాకా లాగించాం. పదకొండు మందిలో తొమ్మిదిమంది పై బడిలో చేరారు. మిగతా ఇద్దరి పేర్లు తలుచుకుని ఆవిడ బాధపడటం విన్నాను. మేలో ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత మంచం. బడులు తెరిచారు. ఆ లంక బడికి వారంలో మూడు రోజులు వచ్చి పోయే విద్యా వాలంటీరుని వేశారు. ఈవిడ ఎప్పటికి వెళ్ళగలదో, అసలు వెళ్ళగలదో లేదో డాక్టరు గారు తేల్చి చెప్పలేదు. "చూద్దామండి" అన్నారు. ఆ మాటంటే నాకు అప్పటికే పడదు.

కారు ఇంటి ముందు వంకరగా నిలబడి ఉండేది. నేనొక్కణ్ణే ఆకివీడు వెళ్ళి వస్తుండేవాణ్ణి. వీధిలో ఎవరో ఒకరు, "ఏవండీ, మీ కారు ఒరిగిందండీ, చూసుకున్నారాండీ?" అనేవారు. మొదట్లో జవాబు చెప్పాను. తర్వాత విసుక్కున్నాను. ఒకాయన మీద అరిచాను కూడా. మేస్త్రి గారు ఒకసారి ఫోన్లో, ఆదివారం తెస్తే మట్టం చేసి ఇస్తానన్నారు. వద్దన్నాను. ఆ రింగు కిందికి తిప్పితే ఆవిడ ఇంక ఆ సీట్లో కూర్చోదని ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆ మాట ఆయనకి చెప్పలేక, తీరిక లేదన్నాను.

ఆగస్టులో ఒక సోమవారం ఆవిడ చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది. డాక్టరు గారు వారం క్రితం సరేనన్నారు. నేను డబ్బాలు నాలుగూ నింపి పెట్టాను. గుడ్లు, పుస్తకాల పెట్టె. ఆవిడ దిండు సర్దుకుని ఎడమ తలుపుకి ఆనుకుని కూర్చుంది. నేను వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను.

మట్టంగా రాలేదు. ఆ మూల ఇంకా గోరంత పైకే ఉంది. డబ్బాలు లెక్కపెట్టాను, నాలుగే. కారుని కాస్త తోసి మళ్ళీ చూశాను. గోరంత. తలెత్తి కిటికీలోకి చూశాను. జాకెట్టు భుజాల దగ్గర వదులుగా ఉంది. మూడు నెలలుగా రోజూ పక్కనే ఉండి చూస్తున్న మనిషి ఎంత తగ్గిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. లేచి, లోపలికి వెళ్ళి స్పానర్ తెచ్చాను.

"ఏంటండీ మళ్ళీ?" అంది.

"నువ్వు తగ్గిపోయావు. రింగు కొంచెం కిందికి దింపుతాను."

"దింపకండి. నేనేం ఎల్లకాలం ఇలాగే ఉంటానాండీ?" అంది. "వంటింట్లో పది లీటర్ల డబ్బా ఉంది. అది కూడా నింపి నా వైపు పెట్టండి. పిల్లలు తాగుతారు."

స్పానర్ వరండాలో పెట్టేసి, డబ్బా తీసుకుని కుళాయి తిప్పాను.